తనది కాని కొండ

హారీ పాటర్ సినిమాల్లో ఒక రైలు పొగలు కక్కుతూ వంపు తిరిగిన ఎత్తైన వంతెన మీదుగా వెళ్తుంది కదా, అది స్కాట్లండ్‌లోని గ్లెన్‌ఫిన్నన్ వంతెన. 21 ఆర్చీలు. లోపల ఉక్కు లేకుండా ఉత్త కాంక్రీట్‌తో కట్టారు. మన హాస్టల్లో ఆ వీడియో చూడనివాళ్లు ఉండరు, సివిల్ వాళ్లయితే అసలే ఉండరు. అయితే అదే రైలు మార్గంలో వెనక్కి, గ్లాస్గో వైపు వస్తే, టిండ్రమ్ అనే చిన్న ఊరి దగ్గర ఇంకో వింత వంపు ఉంది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

అక్కడ రైలుకి ఒక లోయ అడ్డం వస్తుంది. నేరుగా దాటాలంటే పెద్ద వంతెన కట్టాలి, అంత డబ్బు లేదు. అందుకని ఇంజనీర్లు పట్టాలని ఒక కొండ పక్కగా లోయ లోపలికి తీసుకెళ్లి, లోపల చిన్న వంతెనల మీద దాటించి, అవతలి కొండ పక్కగా మళ్లీ బయటికి తెచ్చారు. పైనుంచి చూస్తే అచ్చం గుర్రపు లాడం. 1894లో ఈ లైను మొదలైంది. ఆ అవతలి కొండ పేరు బెన్ డోరన్. ఎత్తు 1,076 మీటర్లు. హిమాలయాల ముందు పెడితే గుట్ట. కోసుగా, చెట్లు పెద్దగా లేకుండా, పచ్చగడ్డి వాలుగా కనిపిస్తుంది. రైల్లో వాళ్లు ఒక ఫోటో తీసుకుంటారు, రైలు వెళ్లిపోతుంది.

కానీ స్కాట్లండ్ కవిత్వంలో ఈ కొండకి ఉన్న చోటు దానికంటే ఎత్తైన చాలా కొండలకి లేదు. దాని మీద గేలిక్ భాషలో 550కి పైగా పాదాల కవిత ఒకటుంది. ఒక కొండ గురించి ఇంత దగ్గరగా, ఇంత ఓపికగా చెప్పిన కవిత ఇంకోటి చూపించడం కష్టమని తెలిసినవాళ్లు అంటారు. దాన్ని రాసింది డంకన్ బాన్ మాకింటైర్. ఇక్కడ రాసింది అనే మాట తప్పు. ఆయన రాయలేదు. ఆయనకి చదవడం, రాయడం రెండూ రావు.

డంకన్ 1724 మార్చి 20న పుట్టాడు. ఊరు డ్రుమ్‌లియార్ట్, బెన్ డోరన్‌కి దగ్గర్లో టుల్లా అనే సరస్సు పక్కన నాలుగిళ్లు. ఇప్పుడక్కడ కూలిన గోడలే మిగిలాయి. బాన్ ఇంటిపేరు కాదు. గేలిక్‌లో తెలుపు అని అర్థం, జుట్టు లేత రంగులో ఉండేవాళ్లని అలా పిలిచేవారు. తర్వాత తర్వాత జనం ఆయన్ని పాటల డంకన్ అన్నారు. చుట్టుపక్కల బడి లేదు. ఉన్నా, ఆ రోజుల్లో బడి అంటే ఇంగ్లీషే. ఇంట్లో, పొలంలో, సంతలో అందరూ మాట్లాడేది గేలిక్. అది ఇంగ్లీషుకి యాస కాదు, వేరే భాష. ఐర్లండ్ భాషకి చెల్లెలు అనుకోవచ్చు. ఆ భాషలో కథలు, వీరుల పాటలు, వంశాల లెక్కలు అన్నీ నోటి మీదే నడిచేవి. కాబట్టి చదువు రాకపోవడం వేరు, సాహిత్యం తెలియకపోవడం వేరు. డంకన్‌కి మొదటిది లేదు, రెండోది బోలెడంత ఉంది.

ఆయన గురించి మనకి తెలిసిన మొదటి పెద్ద సంఘటన ఒక యుద్ధం. అందులోనూ వీరత్వం కంటే నవ్వే ఎక్కువ. 1745లో స్టూఅర్ట్ వంశపు రాకుమారుడు చార్లెస్, పోయిన సింహాసనం కోసం హైలాండ్స్‌లో సైన్యం కూడగట్టాడు. హైలాండ్స్ అంటే స్కాట్లండ్ ఉత్తర, పడమర భాగాల కొండసీమ. అక్కడి గేలిక్ జనంలో చాలామంది చార్లెస్ వెంట నడిచారు. కానీ డంకన్ ఉండే భూములు క్యాంప్‌బెల్ దొరలవి. వాళ్లు లండన్‌లో ఉన్న జార్జ్ రాజు పక్షం. దొర ఎటు ఉంటే రైతు అటు, ఇందులో డంకన్‌ని అడిగిందేమీ లేదు. పైగా ఆయన వెళ్లింది తన వంతుకి కూడా కాదు. క్రానక్ ఊరి ఆర్చిబాల్డ్ ఫ్లెచర్ అనే ఆసామి యుద్ధానికి వెళ్లాల్సి వచ్చింది. ఆయన 300 మెర్కులకి బేరం కుదుర్చుకుని, తన కత్తి ఇచ్చి, తన బదులు డంకన్‌ని పంపాడు. ప్రాక్సీ అటెండెన్స్ మనం కనిపెట్టింది కాదన్నమాట.

1746 జనవరి 17న ఫాల్‌కర్క్ దగ్గర యుద్ధం జరిగింది. రాజు సైన్యం ఓడి పారిపోయింది. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ల డంకన్ కూడా పరుగెత్తాడు. ఆ పరుగులో కత్తి పోయింది. ఇంటికొచ్చాక ఫ్లెచర్ కత్తి ఏదన్నాడు, కత్తి లేనిదే డబ్బు లేదన్నాడు. డంకన్ దగ్గర కోర్టుకెళ్లే దారి లేదు, పాట ఉంది. ఓటమి గురించి, ఆ పనికిమాలిన కత్తి గురించి ఒక పాట కట్టాడు. ఊరంతా పాడుకుని నవ్వింది. ఫ్లెచర్‌కి మండి చేతికర్రతో డంకన్‌ని కొట్టాడనీ, దీని మీద కూడా పాట కట్టుకోమన్నాడనీ చెప్పుకుంటారు. చివరికి బ్రెడాల్బెన్ ఎర్ల్, అంటే ఆ ప్రాంతపు పెద్ద జమీందారు, కలగజేసుకుని డబ్బు ఇప్పించాడట. మనకి దొరికే డంకన్ తొలి పాట అదే. ఆయుధం పారేసుకుని, మాటతో జీతం రాబట్టుకున్నాడు.

ఫాల్‌కర్క్‌లో గెలిచిన చార్లెస్ సైన్యం మూడు నెలలకే కల్లోడెన్‌లో నాశనమైంది. ఆ తర్వాత ప్రభుత్వం హైలాండ్స్ మీద పడింది. ఆయుధాలు ఉండకూడదు. గళ్ల బట్ట కట్టకూడదు, కిల్ట్ తొడగకూడదు, అందరూ ప్యాంట్లు వేసుకోవాలి. ఎదురు తిరిగినవాళ్లకే కాదు, రాజు పక్షాన పోరాడినవాళ్లకీ ఇదే రూలు. డంకన్ దీని మీదా పాట కట్టాడు. ప్యాంట్లని తిడుతూ మొదలైన ఆ పాట, రాజు కోసం ప్రాణం పణంగా పెట్టినవాళ్లకి దక్కిన బహుమతి ఇదా అని నిలదీస్తుంది. రాకుమారుడు మళ్లీ వస్తే ఈసారి తాము ఎటు ఉంటామో ఆలోచించుకోవాలన్నట్టు కూడా ఉంటుంది. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. ఈ పాటకి ఆయన్ని జైల్లో పెట్టారని కూడా ఒక కథ ఉంది. 1782లో నిషేధం ఎత్తేసినప్పుడు సంతోషంతో ఇంకో పాట కట్టాడు. మొదటి పాటకీ రెండో పాటకీ మధ్య ఒక తరం గడిచిపోయింది.

యుద్ధం అయ్యాక డంకన్‌కి ఉద్యోగం దొరికింది. బ్రెడాల్బెన్ ఎర్ల్ కింద ఫారెస్టర్. పేరు చూసి చెట్లు పెంచే పని అనుకోకండి. దొర వేటకి దాచుకున్న దుప్పులని కాపాడాలి, దొంగవేట జరగకుండా చూడాలి, కావలసినప్పుడు తనే వేటాడి దొర వంటింటికి మాంసం చేర్చాలి. బెన్ డోరన్, దాని పక్కన పొగమంచు కోన అని అర్థం వచ్చే పేరున్న ఒక లోయ, ఇవీ ఆయన పరిధి. తర్వాత ఆర్గైల్ డ్యూక్ కింద ఎటివ్ లోయ వైపు కూడా ఇదే పని చేశాడు. దగ్గరలోని ఇన్వెరోరన్ సత్రం యజమాని కూతురు మేరీని పెళ్లాడాడు. ఆమె మీద కట్టిన పాట గేలిక్ ప్రేమపాటల్లో ఇప్పటికీ ముందు వరసలో ఉంది. ఇందులో విశేషమేమంటే అది పెళ్లికి ముందు ఎదురుచూపుల పాట కాదు, కట్టుకున్న భార్య మీద పాట. రైలు ఇప్పుడు లాడంలా తిరిగే ఆ లోయలోనే కొంతకాలం వాళ్లు కాపురం ఉన్నారు.

సుమారు ఇరవై ఏళ్లు ఇదే జీవితం. తెల్లవారకముందే లేవడం, గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, వాసన తగలకుండా చుట్టూ తిరిగి దుప్పుల మంద పైకి చేరడం, గంటల తరబడి తడి నేల మీద బోర్లా పడుకుని కదలకుండా చూడడం. కొండ గురించి పెద్ద కవిత కట్టాలని ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆయన పని కొండని చూడడం, అంతే. 1751కీ 1766కీ మధ్య ఎప్పుడో ఆ చూపంతా కలిసి బెన్ డోరన్ ప్రశంస అనే కవిత అయింది.

ఆ కవిత ఎలా కట్టాడో చెప్పడానికి బ్యాగ్‌పైప్ సంగీతం కొంచెం తెలియాలి. అందులో పీబ్రహ్ అని ఒక పెద్ద పద్ధతి ఉంది. ముందు ఒక నెమ్మదైన మూలస్వరం వాయిస్తారు. దాని పేరు ఊర్లార్, గేలిక్‌లో నేల అని అర్థం. ఆ నేల మీద నిలబడి తర్వాతి భాగాలు నడక పెంచుతాయి, వాటిలో ఒకటి షూబల్. మళ్లీ నేలకి రావడం, మళ్లీ కదలడం. అన్నిటికంటే చివర వేళ్లు కంటికి ఆననంత వేగంగా, చిక్కుగా కదిలే ముగింపు, క్రూన్‌లూఅ. వాయిద్యం కోసం పుట్టిన ఈ పద్ధతిని డంకన్ మాటల్లోకి దించాడు. ఆయన కంటే ముందు అలెగ్జాండర్ మాక్‌డొనాల్డ్ అనే చదువుకున్న గేలిక్ కవి ఒక ప్రేమకవితకి ఇదే పద్ధతి వాడాడు. అది 1751లో అచ్చయింది. డంకన్ దాన్ని చదవలేడు, విని ఉండాలి. విన్నదాన్ని పట్టుకుని ఒక కొండంత పని చేశాడు.

బెన్ డోరన్ కవితలో ఎనిమిది భాగాలు. నేల, నడక, నేల, నడక అంటూ మారుతూ పోయి చివరికి క్రూన్‌లూఅ. నేల భాగాల్లో పాదాలు నిలకడగా నడుస్తాయి, కొండ మొత్తం కనిపిస్తుంది. నడక భాగాల్లో దుప్పులు లేస్తాయి, పాదాలు పొట్టివైపోతాయి. ఒక ఆడదుప్పి ముట్టె ఎత్తి గాలిని వాసన చూస్తుంది. పిల్ల తల్లి వెనక తడబడుతుంది. ఊట దగ్గర ఏ ఆకుకూర మొలుస్తుందో, ఏ వాలులో ఏ గడ్డి ఉంటుందో, ఏది తిని దుప్పికి నిగారింపు వస్తుందో అంతా ఉంటుంది. ఇందులో దేవతలు లేరు. కొండని చూసి జీవితం గురించి పాఠం చెప్పడం లేదు. అదే శతాబ్దంలో యూరప్ కవులు కొండల్ని చూసి భయపడడం, పరవశించడం నేర్చుకుంటున్నారు. వాళ్ల కవితల్లో కొండ కంటే కవి మనసు పెద్దది. డంకన్ కవితలో కొండే పెద్దది. ఆయన ఎక్కడో గడ్డిలో పడుకుని ఉంటాడు.

చివరి భాగంలో వేట. కుక్కలు వదిలిపెడతారు, తుపాకులు పేలుతాయి, దుప్పులు నీళ్లలోకి దూకుతాయి, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అంత ప్రేమగా చూపించిన ప్రాణులనే చివర చంపడం మనకి ఇబ్బందిగా ఉంటుంది. నాకూ అయింది. కానీ ఆయన వేటగాడు. తన తుపాకీకి పేరు పెట్టుకుని దాని మీద కూడా పాట కట్టినవాడు. చూడడం, ప్రేమించడం, చంపడం ఆయనకి ఒకే పనిలో భాగాలు. దాన్ని దాచిపెట్టి మంచివాడిలా కనిపించే ప్రయత్నం చేయలేదు. ఇంత చెప్పాక కూడా తను చెప్పింది కొంచెమేనని, మొత్తం చెప్పబోతే మతి పోతుందన్న అర్థంలో కవిత ముగిస్తాడు.

ఇదంతా కాగితం లేకుండానే. డంకన్ తన పాటలన్నీ, వేల పాదాలు, తలలోనే మోశాడు. డోనల్డ్ మాక్‌నికల్ అనే లిస్మోర్ దీవి పాస్టర్ ఆయన చెబుతుంటే వాటిని రాసుకున్నాడు. 1768లో ఎడిన్‌బరోలో పుస్తకం వచ్చింది. తన పేరు అచ్చులో ఎలా ఉంటుందో చూసి గుర్తుపట్టగలిగాడో లేదో కానీ, ఆ పుస్తకం ఆయన బతికుండగానే మూడు ముద్రణలు చూసింది.

పుస్తకం వచ్చేనాటికి కొండ చేజారిపోయింది.

1760లలో హైలాండ్స్ దొరలకి ఒక లెక్క అర్థమైంది. దుప్పులు సరదా, రైతులిచ్చే శిస్తు అంతంతమాత్రం, గొర్రెలైతే లాభం. దక్షిణం నుంచి గొర్రెల కౌలుదార్లు ఎక్కువ డబ్బు పట్టుకుని వచ్చారు. కొండవాలులు వాళ్లకి వెళ్లాయి. దుప్పుల కాపలాదారు అవసరం తగ్గింది, సన్నకారు రైతుల అవసరం అసలే లేదు. తర్వాతి వందేళ్లలో వేలాది కుటుంబాలు ఇళ్లు వదిలి పట్నాలకీ, కెనడా లాంటి దేశాలకీ వెళ్లిపోవడానికి ఇదే మొదలు. డంకన్ 1767 ప్రాంతంలో భార్యాపిల్లలతో ఎడిన్‌బరో చేరాడు.

ఇక్కడ డంకన్ జీవితంలో మింగుడుపడని సంగతి ఒకటుంది. గొర్రెల్ని తెచ్చింది దొరలు. ఆయన ఆ దొరలనే పొగుడుతూ పాటలు కట్టాడు. వాళ్ల ఉప్పు తిన్నాడు, వాళ్ల దయ మీదే బతకాలి. మరి కోపం ఎటు పోవాలి? అది నక్కల పాటలోకి పోయింది. ఫారెస్టర్‌గా పనిచేసినవాడు, నక్కల్ని చంపాల్సినవాడు, గొర్రెల్ని చంపుతున్నందుకు నక్కల్ని మనసారా దీవిస్తాడు. గొర్రెలొచ్చాకే కదా ఊళ్లు ఖాళీ అయ్యాయి, పొలాలు పడావు పడ్డాయి అంటాడు. వినేవాళ్లకి నవ్వొస్తుంది. నవ్వాక ఎవర్ని తిడుతున్నాడో అర్థమవుతుంది. బహుశా దొరలకీ అర్థమయ్యే ఉంటుంది.

ఎడిన్‌బరోలో ఆయన సిటీ గార్డ్‌లో చేరాడు, అంటే ఆనాటి పోలీసు. ఎక్కువగా వయసు మళ్లిన హైలాండ్ సైనికులే ఆ దళంలో ఉండేవారు. చేతిలో పొడుగు గొడ్డలి పట్టుకుని రాత్రిళ్లు వీధుల్లో తిరిగేవారు. వాళ్ల గేలిక్ యాస పట్నం కుర్రాళ్లకి వేళాకోళం. రాబర్ట్ ఫెర్గుసన్ అనే మంచి కవి కూడా తన స్కాట్స్ కవితల్లో ఈ దళాన్ని ఆటపట్టించాడు. 1786 చివర్లో రాబర్ట్ బర్న్స్ ఎడిన్‌బరో వచ్చినప్పుడు, నాగలి పట్టిన చేత్తో కవిత్వం రాశాడని పెద్దింటివాళ్లంతా పిలిచి భోజనాలు పెట్టారు. అదే ఊళ్లో కాపలా జీతం మీద బతికే ఇంకో మహాకవి ఉన్నాడన్న సంగతి ఆ ఇళ్లకి పట్టలేదు. భాష వేరు కదా. గేలిక్ వాళ్లకి మాత్రం డంకన్ ఎవరో తెలుసు. 1780లలో బ్యాగ్‌పైప్ పోటీలప్పుడు గేలిక్ భాష మీద, ఆ వాద్యం మీద కట్టిన కవితలకి ఆయన బహుమతులు అందుకున్నాడు. రెండో ముద్రణకి చందాలు పోగుచేయడానికి మళ్లీ హైలాండ్స్ తిరిగాడు. దాదాపు డెబ్బై ఏళ్లప్పుడు, 1793లో, బ్రెడాల్బెన్ దొర లేపిన సైనిక దళంలో చేరి 1799 దాకా ఉన్నాడు. పట్నం గురించి ఆయన చేదుగా మాట్లాడినట్టు లేదు. ఎడిన్‌బరోని పొగుడుతూ కూడా కవిత కట్టాడు. ఎక్కడున్నా అక్కడి మంచి చూడడం ఆయన స్వభావం.

1802 సెప్టెంబర్ 19న, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, డంకన్ చివరిసారిగా బెన్ డోరన్ ఎక్కాడు. తేదీ ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం ఆ రోజు మీద కట్టిన పాటే. కొండలకి చివరి వీడ్కోలు అని దాని పేరు. ముప్ఫై అయిదేళ్ల క్రితం ప్రతి ఊట, ప్రతి బండ తెలిసిన చోట నిలబడి చుట్టూ చూశాడు. దుప్పులు లేవు. కలిసి తిరిగిన మనుషులు లేరు. హెదర్ పొదలు తగ్గాయి, ఎటు చూసినా గొర్రెలు. తన కాళ్లలో బలం పోవడం, జుట్టు నెరవడం ఆయనకి వింత కాదు, అది మనిషికి మామూలే. కొండ మారదనుకున్నాడు. మారింది. ఆ పాటలో ఆయనని నిజంగా దెబ్బతీసింది అదే. అయినా శాపనార్థాలు లేవు. తాగిన నీళ్లకి, పీల్చిన గాలికి దణ్ణం పెట్టి దిగిపోతాడు.

1812లో ఎడిన్‌బరోలో చనిపోయాడు. 1859లో డాల్మలీ ఊరి దగ్గర ఒక గుట్ట మీద ఆయనకి పెద్ద గ్రానైట్ కట్టడం కట్టారు. బతికుండగా రాత్రిపూట కాపలా కాసిన మనిషికి పోయాక రాతికోట. కవిత మాత్రం వేరే దారిలో నడిచింది. ఇరవయ్యో శతాబ్దంలో హ్యూ మాక్‌డైర్మిడ్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆయనకి గేలిక్ అంతగా రాదు, గేలిక్ కవి సోర్లీ మాక్లీన్ పక్కనుండి సాయం చేశాడు. 1969లో ఇయన్ క్రిక్‌టన్ స్మిత్ ఇంకో అనువాదం చేశాడు. ఆయన ఇంట్లో గేలిక్ మాట్లాడుతూ పెరిగినవాడు, ఓబన్ ఊళ్లో బడిపంతులు. ఆ తర్వాతా అనువాదాలు వస్తూనే ఉన్నాయి. ఎవరు చేసినా దుప్పి కదలిక కొంత దొరుకుతుంది, బ్యాగ్‌పైప్ మోత జారిపోతుంది. అచ్చుల మీద అచ్చులు కలుపుతూ కట్టిన పాదాలు గేలిక్‌లోనే మోగుతాయి. ఆ భాష ఆ లోయలో ఇప్పుడు వినపడడం అరుదు.

డంకన్‌కి బెన్ డోరన్ మీద ఒక్క అంగుళం హక్కు లేదు. కొండ దొరది, దుప్పులు దొరవి, చివరికి గొర్రెల సొమ్ము కూడా దొరదే. ఉద్యోగం పోగానే ఆయన అక్కడ పరాయివాడు. కానీ 1760ల నాటి ఆ కొండ ఎలా ఉండేదో, ఏ ఊట దగ్గర ఏ ఆకు ఉండేదో ఇవాళ మనం తెలుసుకోవాలంటే దొర ఖాతా పుస్తకాల్లో శిస్తు లెక్కలు తప్ప ఏముంటాయి? మిగతాది రాయడం రాని కాపలాదారు తలలోనే ఉండింది. ఒక పాస్టర్ ఓపిగ్గా కూర్చుని రాసుకోకపోతే అదీ పోయేది.

ఆయన సమాధి ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ చర్చి తోటలో ఉంది. ఆ తోటకి రోజూ జనం వస్తారు. ఎక్కువమంది వెతికేది థామస్ రిడెల్ అనే పేరున్న రాయి, హారీ పాటర్‌లో విలన్‌కి ఆ పేరు అక్కడినుంచే వచ్చిందని నమ్మకం. మనలో ఎవరైనా ఎమ్మెస్‌కి అటు వెళ్తే ఆ రాయి ఎలాగూ చూస్తారు. అదే తోటలో డంకన్ రాయి కూడా వెతకండి. రైలెక్కితే, టిండ్రమ్ దాటాక లాడంలా తిరిగే చోట అవతలి కిటికీకి మారి కూర్చోండి. ఫోటోలో గడ్డివాలు ఒక్కటే పడుతుంది. అక్కడ ఒకప్పుడు ఏమేం ఉండేవో 550 పాదాల్లో ఉంది.